యెజ్డీ నెక్ మీది చాసిస్ ప్లేటు పోయింది, రీ-రిజిస్ట్రేషన్‌కు కొత్తది చేయించుకోవచ్చా?

పాకాల యెజ్డీ:

అందరికీ నమస్తే. మాది పాకాల దగ్గర పల్లెటూరు. మా నాయన 1979లో కొన్న యెజ్డీ 250 మోటారు సైకిలు ఇన్నేళ్లకు మళ్లీ రోడ్డెక్కడానికి తయారైంది. నాయన దామలచెరువు మామిడి మండీలో లెక్కలు రాసేవాడు. సీజన్ వచ్చిందంటే తెల్లారకముందే బండి తీసేవాడు, కాయ లారీలు కదిలేలోపు ఆయన మండీలో ఉండాలి. వెనక సీటుకు లెక్కల పుస్తకాల సంచి కట్టేవాడు, సెలవు రోజుల్లో ట్యాంకు మీద నన్ను కూర్చోబెట్టుకునేవాడు. కిక్ కొట్టిన రాడ్‌నే ముందుకు వంచి గేరు వేయడం చూసి నేను నోరెళ్లబెట్టేవాణ్ణి.

తొంభైల చివర్లో ఇంకో బండి కొన్నాక దీన్ని పశువుల కొట్టంలో పెట్టేశాడు. పాత ఇనుము వాళ్లు వచ్చి అడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు ఆయన లేడు. ఆయన బండి తుప్పు పట్టిపోవడం నాకు ఇష్టం లేదు, అందుకే మొత్తం విప్పించి చేయించాను. క్రాంకు తీయించి కొత్త కనెక్టింగ్ రాడ్ వేయించాను, సిలిండర్ బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాను. క్రోమియం పని మద్రాసులో అయింది. వీటిలో ఏదీ ఇబ్బంది పెట్టలేదు, సామాన్లు దొరుకుతున్నాయి, పని తెలిసినవాళ్లు ఉన్నారు.

ఇబ్బంది అంతా ప్లేటుతోనే. నెక్ మీద, అంటే హ్యాండిల్ తిరిగే గొట్టం మీద, రెండు రివిట్లతో బిగించిన చిన్న అల్యూమినియం ప్లేటు ఉండేది. రెండు వేళ్ల వెడల్పు ఉంటుందేమో. పైన కంపెనీ పేరు, మైసూరు అని, కింద గళ్లలో ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు. చాసిస్‌ను బ్లాస్టింగ్‌కు (ఇసుక చిమ్మి పాత రంగు, తుప్పు లేపడం), ఆపైన పౌడర్ కోటింగ్‌కు (పొడి రంగు చల్లి వేడితో అంటించడం) ఇచ్చినప్పుడు ప్లేటు దాని మీదే ఉంది. తిరిగి వచ్చినప్పుడు లేదు. "బ్లాస్టింగ్‌కు ముందు తీసి పక్కన పెట్టాం అన్నా, ఎక్కడ పెట్టామో కనపడలేదు" అన్నారు. షాపంతా వెతికించాను, చెత్త డబ్బాలు కూడా వదల్లేదు. దొరకలేదు.

ఇంకో టెన్షన్ ఏమిటంటే, నెక్ మీద ఇనుములోనే పొడిచిన నంబరు కూడా ఇప్పుడు కంటికి కనపడటం లేదు. నల్ల కోటింగ్ మందంగా పడి అంకెలు పూడిపోయాయి. వేలితో తడిమితే ఏవో గతుకులు తెలుస్తున్నాయి, అంతే. ఇంజిన్ నంబరుకు మాత్రం ఏమీ కాలేదు, క్రాంక్‌కేస్ (ఇంజిన్ బయటి పెట్టె) మీద శుభ్రంగా ఉంది.

కాగితాల సంగతి కూడా చెబుతాను. ఆర్సీ బుక్కు ఉంది, నాయన పేరు మీదే. ఇంగ్లిష్ A అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల పాత నంబరు, చిత్తూరులో రిజిస్టర్ అయింది. కానీ చెదలు పట్టి, చాసిస్ నంబరు రాసిన చోట చివరి అంకెలు పోయాయి. నాయన పెట్టెలో ఒక పాత ఇన్సూరెన్స్ కాగితం దొరికింది, కార్బన్ కాపీ, నంబరు మసక మసకగా ఉంది. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయింది.

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇదీ. ప్లేటు లేకపోతే రీ-రిజిస్ట్రేషన్ చేయరా? అలాంటి ప్లేటే కొత్తది చేయించి నంబర్లు పొడిపించి బిగించవచ్చా? మా మండలం ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది, పాత రికార్డేమో చిత్తూరులో ఉంది, మరి ఏ ఆఫీసుకు వెళ్లాలి? వింటేజ్ కింద వేరే రిజిస్ట్రేషన్ ఉందట, దాంట్లో వెళితే సులువా? నాకు ఈ బండి షోకేసులో పెట్టుకోవడానికి కాదు. దీని మీద దామలచెరువు వెళ్లాలి, కాణిపాకం వెళ్లాలి, మా అమ్మను వెనక కూర్చోబెట్టుకుని చంద్రగిరి దాకా వెళ్లి రావాలి. అందుకే అన్నీ సక్రమంగా కావాలి.

ఆటోనగర్ బాబు:

అన్నా, దీనికి అంత ఆలోచన ఎందుకు. మద్రాసు పుదుపేటలో గానీ బెంగళూరులో గానీ అచ్చం అలాంటి ప్లేట్లు దొరుకుతాయి. ఆర్సీలో ఉన్న నంబరు పంచ్ సెట్‌తో కొట్టించి రెండు రివిట్లు వేసెయ్. నెక్ మీద నంబరు కనపడకపోతే దాని పక్కనే మళ్లీ పొడిపించెయ్. ఆర్సీలో ఉన్న నంబరే కదా, దొంగ నంబరేం కాదు.

చిత్తూరు గ్యారేజ్:

ఆటోనగర్ తమ్ముడూ, నువ్వు మంచికే చెప్పావు గానీ ఆ పని మాత్రం చేయించొద్దు. నెక్ మీద చేత్తో పొడిచిన కొత్త నంబరు ఒకసారి కనపడిందంటే, నాయన బండి కాస్తా దొంగ బండి లెక్కలోకి పోతుంది. ఫ్యాక్టరీ పొడిచిన అంకెల వరస, లోతు, అక్షరం తీరు వేరు. బజార్లో దొరికే పంచ్ సెట్ అంకెలు వేరు. రోజూ పది బండ్లు చూసే ఇన్‌స్పెక్టర్‌కు ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది. పైగా అసలు నంబరు కిందనే ఉండగా పక్కన ఇంకోటి పొడిస్తే, ఎందుకు పొడిచావని అడిగితే ఏం చెబుతావు?

పాకాల తమ్ముడూ, ముందు కుదురుగా కూర్చో. ప్లేటు పోవడం పెద్ద విషయం కాదు. బండికి గుర్తింపు ఇనుములో పొడిచిన నంబరు. ప్లేటు రివిట్ల మీద ఉండేది, స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే ఊడి వచ్చేది, దాన్ని ఒక చాసిస్ నుంచి ఇంకో చాసిస్‌కు మార్చడం పిల్లలాట. అందుకే తనిఖీలో ప్లేటును నమ్ముకోరు. నీ నెక్ మీద నంబరు ఉంది, వేలికి తగులుతోందని నువ్వే చెప్పావు. దాన్ని బయటికి తేవాలి, నీ పనల్లా అదే.

ఎలా తేవాలో చెబుతాను, జాగ్రత్తగా చదువు. గ్రైండర్ ముట్టుకోవద్దు. ఎమెరీ కాగితం వద్దు, స్టీల్ వైర్ వీల్ వద్దు, మళ్లీ శాండ్ బ్లాస్టింగ్ అసలే వద్దు. పూడింది కోటింగ్‌తోనే అయితే అది కరుగుతుంది, కానీ ఇనుము అరిగిందంటే తిరిగి రాదు. పెయింట్ రిమూవర్ డబ్బా తెచ్చుకో. నంబరు ఉన్న చోటు వదిలి చుట్టూ మాస్కింగ్ టేపు రెండు పొరలు వేయి, లేకపోతే రిమూవర్ కారిన చోటల్లా కోటింగ్ ఉబ్బిపోతుంది. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, చర్మానికి తగిలితే మండుతుంది. గాలి ఆడేచోట చెయ్యి, గది తలుపులు వేసుకుని కాదు. బ్రష్‌తో మందంగా పూసి పైన ప్లాస్టిక్ కవరు ముక్క కప్పు, తడి ఆరకూడదు. పౌడర్ కోటింగ్ మామూలు పెయింట్ కంటే మొండిది, ఒకసారికి రాదు. ముడతలు పడినప్పుడు పుల్లతోనో ప్లాస్టిక్ ముక్కతోనో ఎత్తు, మళ్లీ పూయి. చివర్లో అంకెల సందుల్లో మిగిలినదానికి మెత్తటి ఇత్తడి బ్రష్ వాడు. ఇత్తడి ఇనుమును గీయదు.

అంకెలు బయటపడ్డాక వెంటనే రంగు వేసేయకు. ఫోటోలు తీయి. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీస్తే ఏమీ కనపడదు, చీకట్లో టార్చ్‌ను పక్క నుంచి, నెక్‌కు దాదాపు ఆనించి వెలుగు పడేలా పట్టి తీయాలి. అప్పుడు ప్రతి గుంతలో నీడ నిలుస్తుంది. తర్వాత పెన్సిల్ ప్రింట్ తీయి. 2బీ గానీ 4బీ గానీ మెత్తటి పెన్సిల్ పొడిని అంకెల మీద రుద్ది, పైన సెల్లోటేపు ఒత్తి లేపి తెల్ల కాగితానికి అంటిస్తే నంబరు దిగుతుంది. నాలుగైదు తీసి పెట్టుకో, ఒకటి అర్జీకి, ఒకటి నీకు. ఇదంతా అయ్యాక తుప్పు పట్టకుండా పల్చగా లాకర్ (రంగు లేని వార్నిష్) వేసుకో, పౌడర్ కోటింగ్ మాత్రం మళ్లీ దాని మీద పడనివ్వకు.

ఇది చదివే మిగతావాళ్లకు కూడా ఒక మాట. చాసిస్‌ను బ్లాస్టింగ్‌కు పంపేముందు ప్లేటు మీరే విప్పి ఇంట్లో పెట్టుకోండి, నంబరు మీద దళసరి టేపు వేసి, ఇది తీయొద్దని దాని మీదే రాసి ఇవ్వండి. నా దగ్గరికి వచ్చే ప్రతి పాత బండికీ నేను చేసే మొదటి పని ఇదే, ఇంజిన్ దించడం కూడా ఆ తర్వాతే.

బి-రిజిస్టర్:

బాబూ, నేను రవాణా శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. గ్యారేజ్ వారు చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైనది. దానికి కాగితాల వైపు నుంచి కొంత జోడిస్తాను.

1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, బండి మీద పొడిచిన ఇంజిన్ నంబరు గానీ చాసిస్ నంబరు గానీ ఆర్సీలో రాసినదానికి తేడాగా ఉంటే, యజమాని వాదన విని రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. చూడు, చట్టం అడిగేది బండి మీద పొడిచిన నంబరు గురించి. నువ్వు ఎంత అందంగా ప్లేటు చేయించినా అది దీనికి బదులు కాదు. నంబరు నిజంగానే అరిగిపోయిన బండ్లకు మళ్లీ పొడిపించుకునే దారి ఉంది, కానీ అది రిజిస్టరింగ్ అధికారి తనిఖీ చేసి, రికార్డుతో పోల్చి, రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాకే. నీకు అంత దూరం రాదనుకుంటున్నాను.

చెదలు తిన్న ఆర్సీ గురించి దిగులు పడకు. నీ దగ్గర ఉన్నది ఒక ప్రతి మాత్రమే. అసలు నమోదు ఆఫీసులో బి-రిజిస్టర్‌లో ఉంటుంది. ఆ రోజుల్లో ప్రతి బండికీ అందులో ఒక పేజీ, దాంట్లో నంబర్లు, తయారైన సంవత్సరం, పన్ను, యజమాని మార్పులు అన్నీ ఎక్కించేవాళ్లం. చిత్తూరులో రిజిస్టర్ అయింది కాబట్టి అక్కడ బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్‌కు, అంటే ఆ పేజీ నకలుకు, అర్జీ పెట్టు. ముందు అది చేతికి రావాలి. 1989కి ముందు నంబర్లు చాలావరకు కంప్యూటర్‌లో ఎక్కి ఉండవు, వాటిని బ్యాక్‌లాగ్ (పాత రికార్డుల నమోదు) కింద ఎక్కించాల్సి ఉంటుంది, దానికీ ఈ ఎక్స్‌ట్రాక్టే ఆధారం. రికార్డు ఎక్కాక మిగతా పని నీ చిరునామా ఉన్న తిరుపతి జిల్లాలో చేసుకోవచ్చా, చిత్తూరులోనే ముగించాలా అన్నది ఆ రోజే కౌంటర్‌లో అడిగి ఖరారు చేసుకో.

తర్వాత పేరు మార్పు. బండి మీ నాయన పేరు మీద ఉంది, ఆయన కాలం చేశారు. యజమాని చనిపోయినప్పుడు వారసుడి పేరు మీదికి మార్చడానికి ఫారం 31. ఇది చనిపోయిన మూడు నెలల్లో ఇవ్వాలని రూల్, ఆలస్యమైంది కాబట్టి ఆ సంగతి అర్జీలో రాసుకో. మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీ అమ్మగారు, తోబుట్టువులు ఎవరైనా ఉంటే వాళ్ల నిరభ్యంతర పత్రం సిద్ధం చేసుకో. గడువు పొడిగింపుకు ఫారం 25. సొంత బండి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు, ఆ తర్వాత తనిఖీ చేసి 5 ఏళ్ల చొప్పున పొడిగిస్తారు. ఫీజు 2022 ఏప్రిల్ 1న 300 నుంచి 1,000 అయింది. 2025 ఆగస్టు సవరణలో 20 ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకు 2,000 చేశారు. బైకులకు నెలకు 300 ఆలస్య రుసుము అనే నిబంధన కూడా ఉంది. నీ బండికి గడువు దాటి చాలా ఏళ్లయింది కాబట్టి అది ఎప్పటినుంచి లెక్క వేస్తారో డబ్బు కట్టేముందే లెక్క రాయించుకో, కట్టాక అడిగితే లాభం లేదు.

ప్లేటు పోయిన విషయం దాచకు. అర్జీలోనే ఒక వాక్యం రాయి, చాసిస్ రంగు వేయించేటప్పుడు తయారీదారు ప్లేటు పోయింది, నెక్ మీద పొడిచిన నంబరు యథాతథంగా ఉంది, ప్రింట్ జతపరిచాను అని. ఇన్‌స్పెక్టర్ అడిగాక చెప్పడం వేరు, మనమే ముందు చెప్పడం వేరు. ఇంకో పని, ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వాళ్ల డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో ఇంజిన్, చాసిస్ నంబర్లతో వాహన ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకుని జతచెయ్. ఈ బండి దొంగతనం కేసుల్లో లేదని చూపడానికి అది పనికొస్తుంది.

వింటేజ్ సంగతి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన బండికే అది వర్తిస్తుంది. నీది 1979 అంటే 2029 దాకా ఆగాలి. ఆగినా నీకు పనికిరాదు. కొత్త వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20,000 రుసుము, నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. అమ్మను కూర్చోబెట్టుకుని చంద్రగిరి వెళ్లాలనుకునేవాడికి మామూలు రెన్యువలే దారి.

పాకాల యెజ్డీ:

ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. గ్యారేజ్ అన్న చెప్పినట్టే చేశాను. రిమూవర్ మొదటిసారి పూసినప్పుడు ఏమీ కదల్లేదు, ఇది అయ్యే పని కాదనిపించింది. కవరు కప్పి వదిలి, మళ్లీ మళ్లీ పూస్తే పాము కుబుసంలా పొర లేచింది. కింద బూడిద రంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), దాని కింద ఇనుము. అంకెలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ఒక్క అంకె మాత్రం తేలడం లేదు. చివరి నుంచి రెండోది. నాకు 8 లాగా ఉంది, మా అమ్మ చూసి 3 అంటోంది. ఎడమ వైపు సన్నటి గీతలా ఏదో ఉంది, అది అంకెలో భాగమా, గీత పడిందా తెలియడం లేదు. ఆర్సీలో సరిగ్గా అక్కడే చెదలు తినేసింది, ఇన్సూరెన్స్ కాగితంలో కూడా మసకే. ఇంకొంచెం రుద్దమంటారా?

చిత్తూరు గ్యారేజ్:

రుద్దొద్దు, రుద్దొద్దు. పొడిచిన 8 అయితే ఎడమ వైపు వంపు కూడా కుడి వైపు ఎంత లోతు ఉందో అంత లోతే ఉండాలి. ఒకే దెబ్బకు దిగేది కదా. సన్నటి గీతలా ఉందంటున్నావు, అంటే అది గీతే అయి ఉంటుంది, లేదా సందులో ప్రైమర్ మిగిలి ఉంటుంది. టార్చ్‌ను ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి పై నుంచి పట్టి మూడు ఫోటోలు తీయి. సుద్దముక్క పొడి అంకె మీద పూసి పైపైన గుడ్డతో తుడువు, లోతున్న చోట తెలుపు నిలుస్తుంది, గీతలో నిలవదు.

అప్పటికీ తేలకపోయినా భయపడే పని లేదు. స్టాంప్ దెబ్బకు అంకె అడుగున ఉన్న ఇనుము కూడా నొక్కుకుపోతుంది. పైన మొత్తం అరగదీసినా ఆ నొక్కు లోపల ఉంటుంది. ఫోరెన్సిక్ ల్యాబ్ వాళ్లు ఆ చోటును నున్నగా చేసి యాసిడ్ కలిపిన రసాయనం పూస్తే, నొక్కుకున్న ఇనుము మిగతాదానికంటే వేరుగా కరిగి అంకె మళ్లీ కనపడుతుంది. దొంగ బండ్ల కేసుల్లో పట్టుకునేది అలాగే. ఆ పని ఇంట్లో చేసేది కాదు, నీకు అవసరం రాదు కూడా. ఎక్స్‌ట్రాక్ట్ వచ్చేదాకా ఆగు.

రెండు సైలెన్సర్లు (బెంగళూరు):

నాది మదనపల్లె, ఉద్యోగం బెంగళూరులో. నా దగ్గర కూడా ఒక జావా, ఒక యెజ్డీ రోడ్‌కింగ్ ఉన్నాయి, అందుకే ఈ మాటలు చూసి ఆగలేకపోయాను. ప్లేటు గురించి పెద్దవాళ్లు చెప్పింది నిజమే, కానీ తమ్ముడి బాధ నాకు అర్థమైంది. నెక్ మీద ఆ ప్లేటు లేకపోతే బండి బోసిగా ఉంటుంది. కొత్తది చేయించుకో, తప్పేమీ లేదు. రెన్యువల్ అయ్యాక చేయించుకో.

చేయించేటప్పుడు రెండు చూసుకో. పాత ప్లేటులా కనపడాలని యాసిడ్‌లో ముంచి, గీతలు పెట్టి ముసలి ప్లేటుగా మార్చి అమ్మేవాళ్లు ఉన్నారు, అవి కొనకు. కొత్తది కొత్తగానే ఉండాలి, ఎవరైనా అడిగితే ఇది కొత్తది, అసలుది పోయింది అని చెప్పేలా. బిల్లు దాచుకో. నంబర్లేమో, ఆర్సీ చేతికి వచ్చాక అందులో ఉన్నవే ఉన్నట్టుగా పొడిపించు, లేదంటే ఆ గళ్లు ఖాళీగా వదిలెయ్. నా జావాకు ఖాళీగానే వదిలాను, నాకు అదే నచ్చింది.

ఇంకోటి, మీ నాయన కాలం నాటి నల్ల నంబరు ప్లేటు, తెల్ల అక్షరాలది ఉంటే ఇంట్లో భద్రంగా పెట్టుకో, బండికి మాత్రం పెట్టకు. ఇప్పుడు సొంత బండికి తెల్ల ప్లేటు, నల్ల అక్షరాలే ఉండాలి. హై సెక్యూరిటీ ప్లేటు వేయించుకుంటే మూలన అశోక చక్రం హోలోగ్రామ్, లేజర్‌తో చెక్కిన వరస సంఖ్య ఉంటాయి, విప్పితే మళ్లీ పనికిరాని స్నాప్ లాక్‌తో బిగిస్తారు. ఆ ప్లేటు పోతే మాత్రం పోలీసు ఫిర్యాదు కాగితం లేకుండా ఇంకోటి ఇవ్వరు, చాసిస్ ప్లేటులా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఆటోనగర్ బాబు:

గ్యారేజ్ అన్నా, బి-రిజిస్టర్ సార్, మీరు చెప్పింది చదివాక మా షెడ్డులో ఉన్న రాజ్‌దూత్ నెక్ మీద ముందు టేపు వేశాను. అది కూడా వచ్చేవారం బ్లాస్టింగ్‌కు వెళ్లాల్సింది. ఇంజిన్ మార్చిన బండికి కూడా ఇదే పద్ధతేనా? దీనికి క్రాంక్‌కేస్ పగిలితే వేరే బండిది వేశారు.

బి-రిజిస్టర్:

బాబూ, అది వేరే లెక్క. ఇంజిన్ మారితే 52వ సెక్షన్ కిందికి వస్తుంది. ముందు అనుమతి తీసుకోవాలి, అనుమతి లేకుండా మార్చి ఉంటే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవాలి. వేరే బండి క్రాంక్‌కేస్ అంటే ఆ బండి ఎక్కడిది, దాని కాగితాలు ఏవి, కొన్న బిల్లు ఏది అని అడుగుతారు. అవి దొరకబుచ్చుకోకుండా ఆ బండి మీద ఇంకో రూపాయి పెట్టకు. పాత క్రాంక్‌కేస్ ముక్కలు షెడ్డులో ఉంటే పారేయకు, నంబరు ఉన్న ముక్క నీకు పెద్ద ఆధారం.

పాకాల యెజ్డీ:

పని అయింది! ముందు ఈ మాట చెప్పాలి.

చిత్తూరులో ఎక్స్‌ట్రాక్ట్ దొరికింది. అట్టలు చిరిగిన పెద్ద పుస్తకం, నీలం సిరా రాత, మా నాయన పేరు, మా తాత పేరు, పల్లె పేరు. రికార్డు చూపించిన ఆయన ఓపికగా పేజీలు తిప్పి వెతికి పెట్టాడు, ఆయనకు నా నమస్కారం. చాసిస్ నంబరులో ఆ అంకె 3. మా అమ్మే గెలిచింది. సుద్దపొడి పరీక్షలో కూడా 3 గానే తేలింది, ఎడమ వైపు ఉన్నది గీతే.

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టర్ సార్ బండి దగ్గరికి వచ్చి ముందు నెక్ చూశారు. బొటనవేలితో నంబరు మీద ఒకసారి రుద్దారు, టార్చ్ వేసి చూశారు, తనే ఒక ప్రింట్ తీసి ఎక్స్‌ట్రాక్ట్ పక్కన పెట్టి అంకె అంకె చదివారు. నా అర్జీలో ప్లేటు పోయిందన్న వాక్యం కింద గీత గీశారు, దాని గురించి ఇంకేమీ అడగలేదు. తర్వాత ఇంజిన్ నంబరు, హారన్, బ్రేకులు, లైట్లు చూశారు. 6 వోల్టుల హెడ్‌లైట్ వెలుతురు చాలదంటారేమో అని భయపడ్డాను, బల్బు కొత్తది వేసి ఉండటంతో సరిపోయింది. చివర్లో స్టార్ట్ చేసి చూపించమన్నారు. ఒక్క కిక్కుకే అందుకుంది. ఇప్పుడు పేరు నా మీదికి మారింది, ఐదేళ్లకు రెన్యువల్ అయింది.

ఆలస్య రుసుము లెక్క ముందే రాయించుకోమని బి-రిజిస్టర్ సార్ చెప్పడం ఎంత మేలు చేసిందో. మొదట చెప్పిన మొత్తం వేరు, కూర్చుని లెక్క వేశాక వచ్చిన మొత్తం వేరు.

ఇక మిగిలింది ప్లేటు. బెంగళూరు అన్న చెప్పినట్టు కొత్తది తెప్పించాను, గళ్లు ఖాళీగానే వదిలాను. పాత రెండు రంధ్రాలు నెక్ మీద అలాగే ఉన్నాయి. ఏ రివిట్లు వేయాలి? హార్డ్‌వేర్ షాపులో పాప్ రివిట్లు ఇచ్చారు.

చిత్తూరు గ్యారేజ్:

శుభం తమ్ముడూ, చాలా సంతోషం.

పాప్ రివిట్ వేయకు. నెత్తి మధ్యలో గుంత ఉండి చూడగానే కొత్త పని అని తెలుస్తుంది, పైగా దాని తోక నెక్ గొట్టం లోపలికి పొడుచుకొస్తుంది, లోపల హ్యాండిల్ కాండం తిరుగుతూ ఉంటుంది. హ్యామర్ డ్రైవ్ స్క్రూ అని అడుగు, ఒంటి మీద మెలికల గాడి ఉండి నెత్తి గుండ్రంగా ఉంటుంది, చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే బిగుసుకుంటుంది. ఫ్యాక్టరీ ప్లేట్లకు వాడేది అదే. పొట్టిది తీసుకో. రంధ్రంలో కోటింగ్ చేరి ఇరుకైంది కాబట్టి సరిపడే డ్రిల్ బిట్‌ను చేత్తో తిప్పి శుభ్రం చేసుకో, మెషిన్ పెట్టి రంధ్రం పెద్దది చేయకు. ప్లేటు కింద ఒక చుక్క గ్రీజు రాసి బిగించు, నీళ్లు చేరి తుప్పు పట్టకుండా ఉంటుంది. నంబరు పొడిచిన చోటు మాత్రం ప్లేటు కింద పడకుండా చూసుకో, ఐదేళ్ల తర్వాత వచ్చే ఇన్‌స్పెక్టర్‌కు అది కనపడాలి.